సన్నజాజి, రాధామనోహరం, మనోరంజితం: మీ ఇంటికి ఏ పూలతీగ?

ఇంటికి ఒక వాసన తీగ పెట్టుకుందామనుకున్న వాళ్లందరూ ముందు అడిగేది, "ఏది బాగా వాసనొస్తుంది?" అని. అడగాల్సిందే, కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. మీకు పూలు కోసుకోవడానికి కావాలా, లేక సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే గాలికి వాసన వస్తే చాలా? వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. దండకి పూలిచ్చే తీగ చేతికి అందాలి, అదీ రోజూ అందాలి. ఊరికే వాసన కోసమైతే తీగ డాబా ఎక్కినా, గోడ దాటినా ఇబ్బంది లేదు. ఈ ఒక్కటి ముందే అనుకుంటే సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

నేను అనుకోలేదు. కాకినాడలో ఇల్లు కట్టుకున్నాక పోర్టికో పక్కన సన్నజాజి పెట్టి, జీఐ ఇనుప తీగ కట్టి నేరుగా మేడమీదికి ఎక్కించేశాను. రెండో ఏడు వానాకాలానికి విరగబూసింది, పూలన్నీ పన్నెండడుగుల ఎత్తున. జాజి ఎప్పుడూ కొత్త చిగుళ్ల కొసల్లోనే పూస్తుంది, చిగుళ్లు వెలుగు ఎటుంటే అటు పోతాయి, అందుకని కింద మోడు కాడలు, పైన పూలు. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి అమ్మ మేడమీద స్టూలెక్కి, పిట్టగోడ మీంచి బయటికి వంగి మొగ్గలు కోస్తోంది. నా గుండె జారిపోయింది. ఆ ఆదివారమే తీగ మొత్తాన్ని మూడడుగులకి నరికేసి, మనిషెత్తు పందిరి వేయించాను. ఇప్పుడు అమ్మ కిందే నిలబడి కోసుకుంటుంది. ఆ ఏడాది పూలు పోయాయి గానీ దాని గురించి నాకు కొంచెం కూడా బాధ లేదు.

ముందు ఏమేం చూసుకోవాలి

కొయ్యడమా, వాసనా అన్నది తేలాక రెండోది ఎండ. మీ గోడ మీద, మీ బాల్కనీలో ఎండ ఎన్ని గంటలుంటుందో ఒక్క సెలవురోజు కూర్చుని లెక్కపెట్టండి. పొద్దున ఏడింటికి, పదింటికి, ఒంటిగంటకి, నాలుగింటికి ఒకసారి చూస్తే చాలు. తీగ ఏపుగా ఉంది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం లేదు అనేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఎండే చాలదు, ఎరువు లోపమేం కాదు. పైగా పూయట్లేదని యూరియా వేస్తారు, దాంతో ఇంకా ఆకులొస్తాయి.

మూడోది చోటు. నేలలో పెడతారా, కుండీలోనా? పక్కన కరెంటు తీగలు, నీళ్ల పైపులు, పొరుగువాళ్ల గోడ ఉన్నాయా? నాలుగోది ఓపిక, అంటే ఏటా ఒకసారి మనసు గట్టి చేసుకుని కత్తెర పట్టగలరా అని. ఇది చిన్న విషయం కాదు, పచ్చగా ఉన్న తీగని కొయ్యడానికి చాలామందికి చెయ్యి రాదు. ఇక ఏ నెలల్లో పూయాలి, మీరు ఇంట్లో ఉండే వేళకి వాసన వస్తుందా అన్నది కూడా చూసుకోండి. ఈ తీగల్లో చాలావాటి వాసన పొద్దువాలాకే మొదలవుతుంది కాబట్టి ఉద్యోగాలకి వెళ్లొచ్చేవాళ్లకి ఈ విషయంలో అదృష్టమే.

| తీగ | ఎండ | పూసే కాలం | కుండీలో | కత్తిరింపు | దేనికి మంచిది |
|---|---|---|---|---|---|
| సన్నజాజి | 5-6 గంటలు | ఎక్కువగా వానాకాలం, చలి మొదలయ్యేదాకా | పెద్ద కుండీలో బాగానే వస్తుంది | ఏటా తప్పనిసరి | దండకీ, వాసనకీ |
| రాధామనోహరం | 5-6 గంటలు | చలికాలం తప్ప దాదాపు ఏడాదంతా | కష్టం | ఏటా, మధ్యమధ్యలో కూడా | వాసన, అందం, నీడ |
| మనోరంజితం | 3-4 గంటలైనా చాలు | ఎండాకాలం, వానాకాలం, అక్కడక్కడా | పెద్ద కుండీలో వస్తుంది, నెమ్మది | తక్కువ | వాసనకి |
| మల్లె | 6 గంటలకి తగ్గకూడదు | మార్చి నుంచి జూన్ | చాలా బాగా వస్తుంది | ఏటా తప్పనిసరి | దండకి |
| మాధవీలత | పూర్తి ఎండ | శీతాకాలం చివర, వసంతం | వద్దు | పూత అయ్యాక గట్టిగా | పెద్ద పెరడుకి |

సన్నజాజి

రెండూ కావాలి, అంటే కోసుకోవాలి, వాసనా రావాలి అంటే నా ఓటు దీనికే. మల్లె వాసన దగ్గరికెళ్తే ముంచేస్తుంది. జాజి వాసన అలా కాదు, సన్నగా, దూరం నుంచి వచ్చి తగులుతుంది, ఒక్కోసారి వీధి మలుపులో ఉండగానే తెలిసిపోతుంది.

పేరుతో మాత్రం జాగ్రత్త. మొగ్గ వెనక లేత గులాబీ చార ఉండేదాన్ని కొందరు జాజి అంటారు, కొందరు సన్నజాజి అంటారు. ఇంకా చిన్నగా, పూర్తి తెల్లగా పూసేదాన్నీ సన్నజాజి అనేవాళ్లున్నారు, విరజాజి అని వేరేగా అడిగేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ నర్సరీల్లో అయితే చమేలీ, జూహీ అని హిందీ పేర్లతోనే చెప్తారు. అన్నీ ఒకే కుటుంబం, పెంపకం కూడా ఇంచుమించు ఒకటే, కాబట్టి పేరు పట్టుకుని వాదించకుండా పువ్వు చూసి, వాసన చూసి తెచ్చుకోండి.

మొగ్గలు కొయ్యాల్సింది సాయంత్రం నాలుగు, అయిదు మధ్య. అప్పటికి మొగ్గ పొడుగ్గా సాగి, తెల్లగా ఉబ్బి ఉంటుంది గానీ విచ్చుకోదు. వేలితో కొంచెం వంచితే టిక్కుమని కాడతో సహా వస్తుంది, ఇంకా ఆకుపచ్చ ఛాయ ఉన్నదైతే రాదు, లాగితే చిగురే ఊడొస్తుంది. గిన్నెలో వేసి తడి గుడ్డ కప్పి ఉంచితే, ఏడింటికి దండ కట్టుకునే వేళకి గుడ్డ కిందే విచ్చుకుంటూ ఉంటాయి. గుడ్డ తీసినప్పుడు వచ్చే ఆ మొదటి వాసన ఉంది చూశారా, ఏడాదంతా ఈ తీగకి చేసిన చాకిరీ మర్చిపోతాం.

చాకిరీ ఉంది మరి. డిసెంబరు చివర్నుంచి జనవరిలోపు తీగని కత్తిరించాలి. పూలతోటల వాళ్లు బాగా కిందికి నరుకుతారు, ఇంట్లో అంత అక్కర్లేదు, పందిరి మీద సగానికి సగం తీసేసి ఎండు కొమ్మలు, చిక్కుపడ్డవి తీసేస్తే చాలు. ఆ తర్వాత తీగ మొదలు దగ్గర రెండు బుట్టల పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. పూత మీద ఉండగా ఒక్కో తడవ పూత తగ్గినప్పుడు కొసలు తుంచితే మళ్లీ కొత్త చిగుళ్లు, మళ్లీ మొగ్గలు.

దీనికి వచ్చే తంటాలు రెండు. ఒకటి, ఆకుల మీద తెల్లటి నూగులాంటి బుడిపెలు. చూసినవాళ్లు బూజు అనుకుంటారు, నిజానికి అది నల్లి (మైట్) అనే అతి చిన్న పురుగు పని. ఆ కొమ్మల్ని కోసి దూరంగా పారెయ్యాలి, ఎక్కువగా ఉంటే నీటిలో కరిగే గంధకం లీటరుకి 2 గ్రాములు కలిపి చల్లపొద్దున కొట్టాలి, మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది. రెండోది, ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలడం. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట, సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే, హైదరాబాద్‌లో ఉండే మా అక్క వాళ్లింట్లో మూడేళ్లు ఇదే గోల. ఇనుము అందక వచ్చే లోపం అది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వారం పదిరోజుల తేడాతో రెండు మూడు సార్లు ఆకుల మీద కొడితే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. పాత ఆకు రంగు తిరక్కపోయినా కంగారు పడొద్దు.

రాధామనోహరం

గేటు మీద కమానులా ఒంగి, గుత్తులు గుత్తులుగా వేలాడుతూ, ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు మూడూ కనిపించేది ఇదే. అవి మూడు రకాల పూలు కావు. పొద్దువాలగానే విచ్చుకున్న పువ్వు తెల్లగా ఉంటుంది, మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది, మూడోనాటికి ఎర్రబడుతుంది. తెల్లగా ఉన్న రాత్రే వాసన జోరు, ఆ వాసనకి పొడుగాటి తొండం ఉన్న రాత్రి పురుగులొస్తాయి. పగలు రంగు చూసి తేనెటీగలు, తేనెపిట్టలొస్తాయి. ఒక సాయంత్రం ఆరున్నరకి దాని కింద నిలబడి చూడండి, వేలాడుతున్న మొగ్గలు ఒక్కొక్కటే కొస విప్పుకుంటూ ఉంటాయి, పావుగంటలో గాలి మారిపోతుంది. తియ్యగా, పండిన పండులాంటి వాసన.

హైదరాబాద్‌లో దీన్ని మధుమాలతి అంటారు. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది: మాధవీలత కావాలని వెళ్లి ఇది తెచ్చుకుంటారు, ఇది కావాలని వెళ్లి అది తెచ్చుకుంటారు. రెండూ పూర్తిగా వేరు.

పెంచడం దీన్ని మించిన తేలిక లేదు. ఎలాంటి మట్టైనా సరే, ఒకసారి వేళ్లు దిగితే నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది, పురుగు పెద్దగా పట్టదు. మొదటి ఏడు పొదలా ఊరికే నిలబడి ఉంటే ఇది తీగే కాదేమో అని అనుమానమొస్తుంది, ఆగండి, రెండో ఏడు దాని పరుగు చూస్తారు. ఇరవై, పాతిక అడుగులు దానికి లెక్కలో లేదు.

ఆ పరుగే దీనితో వచ్చే చిక్కు. వేళ్ల నుంచి పిలకలు లేస్తూనే ఉంటాయి, పెట్టిన చోటికి రెండు మూడడుగుల దూరంలో కూడా. ఆకు రాలాక దాని కాడ మొదలు గట్టిపడి ముల్లులా మిగిలిపోతుంది, కత్తిరించేటప్పుడు చేతికి గుచ్చుకుంటుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. రాలిన పూలు రోజూ ఊడ్చాలి. మా వీధిలో ఒకరింట్లో ఇది కరెంటు తీగ దాకా ఎక్కింది, చివరికి లైను ఆపించి కొట్టించాల్సి వచ్చింది. కాబట్టి పైన కరెంటు తీగ ఉన్న గోడ దగ్గర, పునాది పక్కన, నీళ్ల సంపు పక్కన పెట్టొద్దు. ఇనుప కమాను లాంటి గట్టి ఆధారం ఉంటేనే పెట్టండి, సరుగుడు కర్రల పందిరి రెండేళ్లకే కుంగుతుంది. చలికాలం చివర గట్టిగా కత్తిరిస్తే కొత్త కొమ్మలకి పూత దట్టంగా వస్తుంది.

దండకి ఇది పనికిరాదు. ఎవరైనా పనికొస్తుందంటే నమ్మకండి, కాడ పొడుగే గానీ రేకులు త్వరగా వాడిపోతాయి.

మనోరంజితం

కొన్నిచోట్ల ఆకుసంపెంగ అని కూడా అంటారు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, అయినా ఇళ్లలో తక్కువగా కనిపిస్తుంది, అదే నా బాధ. పువ్వు మొదట ఆకుపచ్చగా ఉంటుంది, ఆకుల్లో కలిసిపోతుంది, ఆరు మందపాటి రేకులు. పసుపెక్కేకొద్దీ వాసన పెరుగుతుంది. ఎదురుగా ఉన్నా కంటికి కనపడదు, ముక్కుతో వెతుక్కోవాలి. మనసులో ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వస్తుందని పెద్దవాళ్లంటారు. నాకైతే ఎప్పుడూ బాగా మగ్గిన అరటిపండు, పనస కలిపినట్టు ఉంటుంది. పసుపు తిరిగిన పువ్వు ఒకటి రుమాల్లో చుట్టి బీరువాలో చీరల మధ్య పెడితే మర్నాటికి బీరువా తలుపు తీసినప్పుడల్లా తెలుస్తుంది.

దీనికున్న పెద్ద లాభం, నీడని ఓర్చుకుంటుంది. పక్కింటి మేడ నీడ పడే సందు, మామిడి చెట్టు కింద, ఉత్తరం వైపు గోడ, ఇలాంటి చోట్ల జాజి పూయదు, ఇది పూస్తుంది. పువ్వు కాడే కొక్కెంలా వంగి పట్టుకుని ఎక్కుతుంది కాబట్టి కట్టే పని కూడా తక్కువ. కత్తిరిస్తూ ఉంటే పొదలాగా కూడా ఉంచుకోవచ్చు.

నష్టం ఏమిటంటే ఓపిక పట్టాలి. గింజ మొక్క అయితే పూతకి ఏళ్లు పడుతుంది, అందుకని అంటు మొక్కే అడిగి తీసుకోండి. పూలు కూడా ఒకేసారి విరగబూయవు, ఇవాళ రెండు, ఎల్లుండి మూడు. దండలూ గుత్తులూ ఆశించేవాళ్లకి నిరాశే. ఒక్క పువ్వు చాలనుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు.

మల్లె, మాధవీలత

మల్లె అసలు తీగ కాదు, పొద. తీగమల్లె రకాలు కొంత సాగుతాయి గానీ పందిరి నింపవు. అయినా చెప్తున్నానంటే, బాల్కనీలో చోటు తక్కువుండి, పూలు కోసుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకి చివరికి సరైన జవాబు ఇదే అవుతుంది. ఆరు గంటల ఎండ ఉండాలి. నవంబరు చివర నీళ్లు తగ్గించి, కొమ్మలు అడుగున్నర ఎత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, ఎరువేసి మళ్లీ నీళ్లు పెడితే మార్చికి మొగ్గ. మొగ్గ ఊదారంగుకి తిరిగి చిన్న చిల్లు కనిపిస్తే మొగ్గ తొలిచే పురుగు వచ్చినట్టు, వాటిని గిల్లి పారేసి వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్లతో కొట్టండి.

మాధవీలత గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, పెరడు లేకపోతే వద్దు. పూత చాలా అందం, తెల్లటి అంచులు చిరిగిన రేకులు, అందులో ఒకదానికి పసుపు మచ్చ, కాయకి మూడు రెక్కలు, గాలికి గిరగిరా తిరుగుతూ పడతాయి. కానీ అది కొన్నేళ్లకి మాను కట్టే తీగ, పెద్ద చెట్టునే కప్పేస్తుంది. పూసేది కూడా ఏటా కొద్ది వారాలే.

మీ ఇంటిని బట్టి

అపార్ట్‌మెంట్ బాల్కనీ, తూర్పు లేదా దక్షిణం వైపు: సన్నజాజి, 16 లేదా 18 అంగుళాల కుండీలో. తడిసిన మట్టితో ఆ కుండీ చాలా బరువు తూగుతుంది, కాబట్టి గోడ వారగా పెట్టండి, రెయిలింగ్ అంచున కాదు. సగం ఎర్రమట్టి, పావు పశువుల ఎరువు, పావు ఇసుక. గ్రిల్‌కి అడ్డంగా పాకించండి, నిలువుగా కాదు. అడ్డంగా పాకిన కొమ్మకి కణుపు కణుపునా చిగుళ్లు లేచి పూలు చేతికందుతాయి. ఎండ మూడు గంటలే ఉంటే మనోరంజితం.

అద్దె ఇల్లు: కుండీలో మల్లె. మారేటప్పుడు తీసుకెళ్లొచ్చు. రాధామనోహరం పెట్టి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే వెనకొచ్చేవాళ్లకి దాన్ని అదుపు చెయ్యడం పెద్ద టెన్షన్.

సొంతిల్లు, గేటు, కొంచెం ఖాళీ: గేటు మీద రాధామనోహరం, వంటగది కిటికీ పక్కన మనిషెత్తు పందిరికి సన్నజాజి. రెండిటికీ మధ్య కనీసం పది పన్నెండు అడుగులుండాలి, లేకపోతే మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లుండి పూలు వాళ్లే కోసేటట్టయితే పందిరి ఎత్తు వాళ్ల భుజానికి కొలిచి వేయించండి, మీ భుజానికి కాదు. పందిరి కింద నాచు పట్టకుండా గరుకు బండలు వెయ్యండి.

"వాసన తీగ పెడితే పాములొస్తాయి" అని భయపడి మానుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పాముకి పూల వాసనతో పని లేదు. ఎలకలు, కప్పలు ఉండి, దాక్కోవడానికి గుబురు ఉంటే వస్తుంది. తీగ మొదట్లో రెండడుగుల ఎత్తు వరకు కొమ్మలు, ఎండాకులు లేకుండా శుభ్రంగా ఉంచితే నేల కనిపిస్తూ ఉంటుంది. తీగ పక్కన కట్టెలు, ఇటుకలు పేర్చొద్దు.

డాలస్, హ్యూస్టన్, బే ఏరియాల్లో ఉన్నవాళ్లకి నేలలో పెట్టడానికి స్టార్ జాస్మిన్ తేలిక. అది మన జాజి కాదు, గన్నేరు కుటుంబం, తెంపితే పాలు కారతాయి కాబట్టి దండకి కుదరదు, కానీ కంచె మీద ఏడాదంతా పచ్చగా ఉండి వసంతంలో బాగా వాసనొస్తుంది, కొద్దిపాటి మంచుని తట్టుకుంటుంది. మల్లె, జాజి కుండీల్లో పెట్టుకుని చలికాలం ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గరికి మార్చుకుంటే మేలు.

మొక్క తెచ్చుకునేటప్పుడు

వానలు మొదలయ్యాక, జూన్ చివర్నుంచి ఆగస్టు దాకా పెట్టుకోవడం మంచిది. తెలిసినవాళ్లింట్లో మీకు నచ్చిన జాజి ఉంటే కొనాల్సిన పనే లేదు. నేలకి దగ్గరగా ఉన్న కొమ్మని వంచి, ఒక కణుపు దగ్గర తోలు కొంచెం గీకి, ఆ కణుపుని మట్టితో నింపిన చిన్న కుండీలో కప్పి, పైన రాయి పెట్టండి. రెండు మూడు నెలల్లో వేళ్లు పడతాయి, అప్పుడు తల్లి నుంచి కోసుకోవచ్చు. పువ్వు ఏదో, వాసన ఏదో ముందే తెలిసిన మొక్క అది.

కొనేటట్టయితే, నర్సరీలకి పేరున్న కడియం వైపు వెళ్లినా, మీ ఊళ్లో నర్సరీకి వెళ్లినా, పొద్దున వెళ్లకండి. నేను పొద్దున పదింటికి వెళ్లి, పువ్వు లేని మొక్కని సన్నజాజి అంటే నమ్మి తెచ్చి, రెండేళ్లు పెంచాక వాసనే లేని తెల్ల పూలు చూశాను. సాయంత్రం అయిదున్నర దాటాక వెళ్లండి. వరసలో నడుస్తూ, ఒక్క పువ్వైనా విచ్చుకుని ఉన్న మొక్క దగ్గర ఆగి, వంగి వాసన చూడండి. నచ్చితే ఆ మొక్కే తీసుకోండి, "ఇలాంటిదే లోపల ఇంకోటి ఉంది, గుబురుగా ఉంటుంది" అన్నా సరే, మీరు వాసన చూసిందే తెచ్చుకోండి.